ఎర్ర పోగు

ఇంగ్లండులోని లాంకషైర్‌లో ఏ నేత షెడ్డులోనూ మాట వినపడదు. మగ్గాల మోతలో ఒకరి పెదాలు ఒకరు చూసి మాట్లాడుకోవాల్సిందే. తబితాకి ఇది ముప్ఫై ఏళ్ళ అలవాటు. నాలుగు వరుసల అవతల ఆడిపోసుకున్నా ఆమె కంటికి చిక్కాల్సిందే.

"మీవాడు దిగాడటగా?" పక్క మగ్గం మీది హెట్టీ పెదాలు కదిపింది.

"నిన్ననే. ఇవాళ పనిలోకి వస్తున్నాడు."

"వచ్చీరాగానేనా! కన్నతల్లివా, మేస్త్రీవా?"

తబితా నవ్వేసింది. ఈ మగ్గం కోసమే కదా వాణ్ణి పంపింది.

రెండేళ్ళ కిందట మిల్లు మూతపడింది. గోదాము నిండా బట్ట, కొనే దిక్కు లేదు. వీధి వీధంతా ఉడికించిన బంగాళాదుంపలతో చలికాలం వెళ్ళదీసింది. అప్పుడే మిల్లు యజమాని చర్చి హాల్లో అందర్నీ కూర్చోబెట్టి మాట్లాడాడు. ఆఫ్రికాలో ఒక రాజు మన సరుకును గడప తొక్కనివ్వడం లేదన్నాడు. అక్కడ లక్షలమందికి ఒంటిమీద గుడ్డ లేదన్నాడు. మనిషికో గుడ్డ కట్టించినా మన మగ్గాలకి ఆగే పని ఉండదన్నాడు. పాస్టరుగారు కళ్ళు తుడుచుకున్నారు.

"బట్టలు కావాలని వాళ్ళడిగారా అమ్మా?" అన్నాడు ఇంటికొచ్చాక కొడుకు జేబెజ్.

"వాళ్ళడగలేదని మనం మాడి చావాలా? పోయి రాణిగారి పటాలంలో చేరు. వాళ్ళు గుడ్డ కడితేనే నీకు మగ్గం."

వాడికి ఇష్టం లేదు. తనే సంచీ సర్ది సాగనంపింది.

అనుకున్నట్టే అయింది. యుద్ధం గెలిచారు. మిల్లు తెరిచారు. అంచు లేదు, రంగు లేదు, ఉత్త తెల్లబట్ట. ఎంత నేసినా చాలడం లేదు. ముక్క కత్తిరించాల్సిన చోట గుర్తుగా ఒక ఎర్ర పోగు వేయాలి. మొదట్లో మనిషి నిలువుకో పోగు వేసేవాళ్ళు. ఈమధ్య రెండు మూరలకే వేయమంటున్నారు. ఇప్పుడన్నీ ఆ చిన్న ముక్కలే.

"పసివాళ్ళకి కూడా కడుతున్నారే!" అని తబితా ఆ వారమంతా హెట్టీ దగ్గర మురిసిపోయింది.

"కట్టరూ మరి! నీ కొడుకు దగ్గరుండి కట్టించాడాయె," అని హెట్టీ ఆటపట్టించింది.

జేబెజ్ షెడ్డులోకి వచ్చాడు. నిన్న వాడికిష్టమని చేసిన మాంసం కూరిన రొట్టెను కెలికి వదిలేశాడు. ప్రయాణం బడలిక అనుకుంది.

వాడు తన మగ్గం ముందు నిలబడ్డాడు. దాని మీద బట్ట సగం నేతలో ఉంది. ఒక ఎర్ర పోగు దగ్గర అరచెయ్యి ఆనించి, నెమ్మదిగా రెండో పోగు దాకా తడిమాడు. చెయ్యి అక్కడే ఆగిపోయింది.

"చూశావా?" తబితా పెదాలు గర్వంగా కదిలాయి. "అంతా నీ చలవేరా. నువ్వెళ్ళబట్టే ఇంత గిరాకీ."

జేబెజ్ తలెత్తాడు. తల్లికి ఒక్క అక్షరం కూడా తప్పిపోకూడదన్నట్టు ఒక్కో మాటా విడదీసి పెదాలు కదిపాడు.

"అక్కడ బతికున్నవాళ్ళెవరూ తెల్లబట్ట కట్టరమ్మా."