మరిడమ్మ కాలినొప్పి

“నడిమి ముక్కలన్నీ కేరేజీలోకే పోయేయి. మాకు మిగిలిందేటి, తలకాయా తోకా?” కూర గిన్నెలో గరిటె తిప్పి చూస్తూ అన్నాడు రత్నరాజు.

“మరిడమ్మ మామ్మకి పళ్లు లేవు. తోక ముక్కల్లో ముళ్లు ఏరుకోలేదు,” అంది దీనా. “మీకు ముప్ఫై రెండూ ఉన్నాయి కదా.”

“ఉన్నాయి కాబట్టే అడుగుతున్నాను. రెండో శనివారమని పొద్దున్నే బజారుకెళ్లి శీలావతి చేప తెచ్చింది నేను.”

“ఈసారి తెచ్చినప్పుడు ఇత్తాను లెండి.”

“ఆ ఈసారి నాలుగు నెలల్నుంచీ వత్తానే ఉంది.”

మాట పెరిగేలా ఉందని దీనా కేరేజీ బిగించి చెప్పులేసుకుంది.

“ఇంకా పదకొండున్నరే. రోజూ పన్నెండున్నరకి కదా వెళ్తావు. కాసేపాగు, ఎండ తగ్గనీ.”

“పన్నెండున్నరకి ఎండ తగ్గుతుందా?” అంటూ ఆమె గేటు దాటేసింది. రత్నరాజు ఫోను వెతుక్కుంటూ లోపలికెళ్లాడు.

మరిడమ్మ రెండు వీధుల అవతల ఒంటరిగా ఉంటుంది. నాలుగు నెలల కిందట కాలు పట్టేసిందని మంచమెక్కింది. ఎవరి వంటా సయించడం లేదని, దీనా చేతి ముద్దయితేనే దిగుతుందని కబురు పెట్టింది. అంతటితో ఊరుకోదు. పక్కన కూర్చుని దీనా రెండు ముద్దలు తింటే గాని తాను తినదు. వీధిలో కబుర్లు చెప్పందే కదలనివ్వదు.

వీధి మలుపులో దీనా తలెత్తి చూసి ఆగిపోయింది. మరిడమ్మ డాబా మీద ఉంది. కుచ్చెళ్లు ఎగదోపి, వడియాల మీదికొచ్చిన కోతిని కర్రతో తరుముతోంది. కోతి వాటర్ ట్యాంకు ఎక్కితే, ఆమె పిట్టగోడ దాకా పరిగెత్తుకొచ్చింది. కింద ఆమె ఇంట్లో ఫోను మోగుతూనే ఉంది.

దీనా గోడ చాటుకు తప్పుకుంది. కాసేపు ఆగి, గేటు గట్టిగా చప్పుడు చేసింది.

“మామ్మా, వచ్చేను.”

లోపలికెళ్లేసరికి మరిడమ్మ మోకాలికి గుడ్డ చుట్టుకుని మంచం మీద ఉంది. రొప్పుతోంది.

“ఆయాసమేటి మామ్మా?”

“నొప్పమ్మా, నొప్పి. పొద్దుట్నించీ మంచం దిగితే ఒట్టు. కూకో, నువ్వు తినకుండా నాను తిన్ను.”

ఆమె అరికాళ్లకు డాబా మీది సున్నం అంటి ఉంది. దీనా గుడ్డ తడిపి తెచ్చి, ఆ కాళ్లు రెండూ తుడిచి, ముళ్లు తీసిన ముక్కను ఆమె నోటికి అందించింది.

ఇంటికొచ్చి అందరికీ వడ్డించాక, చూసింది చూసినట్టు చెప్పింది. కూతురు సుప్రియ కంచంలో చెయ్యి ఆపేసింది.

“అయితే నాలుగు నెలలుగా నాటకమా? అమ్మమ్మ పోయాక, ఆవిడ కబురొచ్చేదాకా మంచం దిగలేదు నువ్వు. చర్చికి రావడం మానేసేవు, సండే స్కూలు వదిలేసేవు. నేను కలిపి పెడితే తప్ప తినలేదు. అలాంటి మనిషి చేత కేరేజీ మోయించుకోడానికి ఆవిడకి మనసెలా ఒప్పింది?”

“నాకూ కోపమొచ్చింది. దార్లో సగం దూరం తిట్టుకుంటూనే వచ్చేను.”

“అయితే రేపట్నుంచి మానేత్తావా?” రత్నరాజు చేతిలో ముద్ద నోటి దగ్గరే ఆగింది.

“నాన్నకి చేపముక్కల మీద ఆశ చూడు,” అంది సుప్రియ. దీనాకు నవ్వొచ్చింది.

“మిగతా సగం దూరం ఆ అరికాళ్లే గుర్తొచ్చేయి,” అంది. “ప్రభువు పన్నెండుమంది కాళ్లూ కడిగేడు. తనని శత్రువులకి అప్పగించబోయే శిష్యుడి కాళ్లూ అందులోనే ఉన్నాయి. ఎవరి మనసులో ఏముందో తెలిసే కడిగేడు. మామ్మ నిజం చెబితేనే పెడతానంటే అది అన్నం పెట్టడం కాదు, బేరం.”

దీనా మజ్జిగ గిన్నె ముందుకు జరిపింది.

“నేను మానను. ఆవిడ ఇంటి వెనకుండే తలుపులమ్మకి నిజంగానే కాలూ చెయ్యీ పడిపోయేయి. రేపట్నుంచి ఆమెకీ పట్టుకెళ్తాను. రేపు ఆదివారమే కదా, సండే స్కూలు పిల్లల్ని కూడా మళ్లీ నేనే చూసుకుంటాను.”

“రెండో కేరేజీ ఎవరు మోస్తారు?”

“నువ్వే,” అంది దీనా, కూతురి కంచంలో ఇంకాస్త అన్నం పెడుతూ.

రత్నరాజు గబగబా తినేసి పెరట్లోకెళ్లి చెయ్యి కడుక్కున్నాడు. ఫోను చెవి దగ్గర పెట్టుకుని గొంతు తగ్గించాడు.

“మామ్మా, దీనా కోలుకుంది, ఇంక నువ్వు నడిచేయొచ్చు.”