రెండు చుక్కలాయన

"ఏవండీ, కొత్త బస్తా మేత కుందేళ్ళు ముట్టడం లేదండీ! వాసన చూసి మూలకి పారిపోతున్నాయి. ఏమైందా అని నేనే ఓ గుళిక నాలిక మీద వేసుకున్నాను. చేదు విషం!"

భార్య ఫోనులో ఆ మాట అనగానే బీరు కాచే ఆసామికి గుండె గుభేలుమంది. సరిగ్గా అప్పుడే, ఎదురుగా బల్ల దగ్గర కూర్చున్న పెద్దమనిషి కొత్త బీరు గ్లాసును ముక్కు దగ్గరికి తీసుకుంటున్నాడు.

కుందేళ్ళ మేతా పచ్చటి గుళికలే. బీరుకు చేదూ వాసనా ఇచ్చే హాప్స్ పువ్వుల్ని పొడికొట్టి నొక్కితే వచ్చేవీ పచ్చటి గుళికలే. రెండూ ఒకేలాంటి ఖాకీ కాగితం బస్తాల్లో వస్తాయి. రెండింటినీ ఒకే బండి మీద తెచ్చి, ఒకటి ఇంట్లో, ఒకటి ఇక్కడ బీరు షాపులో దించింది తనే. బీరు కాగేటప్పుడు వేసిన హాప్స్ పాత బస్తాలోవి కాబట్టి చేదుకు లోటు లేదు. చల్లారాక వాసన కోసమని కొత్త బస్తా విప్పి ట్యాంకులో గుమ్మరించిన రోజు మాత్రం జలుబుతో ముక్కు దిబ్బడేసి ఉంది. జలుబు తగ్గాక రుచి చూసి, ఎన్నడూ లేని పచ్చిక వాసన వస్తోందే అని మురిసిపోయాడు కూడా.

"ఏవండీ, వింటున్నారా?"

"తర్వాత చేస్తాను," అని ఫోను పెట్టేశాడు.

ఆ పెద్దమనిషిని అందరూ రెండు చుక్కలాయన అంటారు. ఏ బీరు తాగినా రివ్యూలో ఐదు చుక్కలకు రెండే వేస్తాడు. ఆ రెంటితోనే ఎంతోమందికి పట్టపగలు చుక్కలు చూపించాడు. ఈ షాపు మొదటి బీరుకు రెండు వేసి, 'సబ్బునీళ్ళకు అన్నయ్య' అని రాశాడు. తర్వాతి బీరుకు రెండు వేసి, 'ఆ అన్నయ్యకు తమ్ముడు' అని రాశాడు. దాంతో వచ్చేవాళ్ళు పలచబడ్డారు. ఈసారీ రెండే పడితే షాపు మూసేసి, బావమరిది టైల్స్ కొట్లో కూర్చుంటానని ఆసామి భార్యకు మాటిచ్చాడు. ఎవరి బాత్రూముకు ఏ రంగు నప్పుతుందో చెప్పుకుంటూ బతకడం తలుచుకుంటేనే అతనికి ఏడుపొస్తోంది.

"సార్, ఇది ఇంకా కుదురుకోలేదు. వచ్చే వారం రండి, వేరే ట్యాంకు తెరుస్తాను."

"ఘాటు ఎంత?"

"మామూలు బీరుకు రెట్టింపు సార్. అసలే ఎండలో వచ్చారు మీరు..."

"నడిచొచ్చాను, నడిచే పోతాలే," అని ఆయన ఓ గుక్క తాగాడు.

తాగి, అలాగే ఆగిపోయాడు. కళ్ళు మూసుకున్నాడు. నొసలు ముడిపడి, మళ్ళీ విడింది. ఇంకో గుక్క తాగాడు. జనంలో తప్పిపోయిన సొంత పిల్లాడు కంటపడినట్టు ముఖమంతా మెత్తబడింది.

"చేదు గట్టిగానే కొడుతోంది. దాని వెనకాల ఇదేంటయ్యా, లేత గడ్డి?"

"ఆ హాప్స్ రకమే అంత సార్."

"క్యారెట్ కూడా తగులుతోంది."

"అది నేల మహిమ సార్."

"ఏ నేల?"

"కొండమీద సార్. బాగా పైన. ఒక్కటే కుటుంబం పండిస్తుంది. బయటివాళ్ళకి గింజ కూడా అమ్మరు."

"మరి నీకెలా అమ్మారు?"

"మా ఆవిడ వైపు చుట్టాలు."

అబద్ధం ఇంత సాఫీగా వస్తుందని ఆసామికే తెలియదు. కాస్త ఊపిరి పీల్చుకున్నాడో లేదో, పెద్దమనిషి వంగి, ట్యాంకు కాలి దగ్గర పడి ఉన్న పచ్చ గుళిక ఒకటి ఏరాడు. చొక్కాకు తుడిచి నోట్లో వేసుకున్నాడు.

ఆసామికి పై ప్రాణాలు పైనే పోయాయి. నిజం హాప్స్ గుళిక నమిలితే మనిషన్నవాడు ఉమ్మకుండా ఉండలేడు. ఈయన నింపాదిగా నమిలాడు. మింగాడు. "ఊఁ," అన్నాడు. ఫోను తీసి టకటకా రాయడం మొదలుపెట్టాడు.

అయిపోయింది, అనుకున్నాడు ఆసామి. అతని కళ్ళ ముందు నీలం టైల్స్, గులాబీ టైల్స్, పువ్వుల అంచు టైల్స్ వరసగా తిరిగాయి.

"చూడు," అని పెద్దమనిషి ఫోను ఇటు తిప్పాడు.

ఐదు చుక్కలు! కింద ఒకే ఒక్క వాక్యం: 'ఈ వాసన కుదిర్చినవాడి చేతులు చల్లగుండాలి.'

ఆసామి ఆయన రెండు చేతులూ పట్టుకుని ఊపేశాడు. గుమ్మం దాకా సాగనంపాడు. తీరా అక్కడికొచ్చాక, ఇంత మంచి మనిషిని మోసం చేశానే అని మనసు పీకింది.

"సార్, మీకో నిజం చెప్పాలి. ఆ కొండా, ఆ కుటుంబం..."

"తెలుసులేవయ్యా. అందుకే ఆ ఐదింట్లో నీవి రెండే."

"మరి మిగతా మూడూ?"

పెద్దమనిషి అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించాడు.

"అవి నావి. రివ్యూలు నాకు సరదా అంతే, ఉద్యోగం కుందేళ్ళ మేత ఫ్యాక్టరీలో. ఆ క్యారెట్ పాళ్ళు కుదిర్చింది నేనే!"