కజుమాకి తగిన పిల్ల

“దీనికి మోకాళ్ళు వంగవు. మనకొద్దు,” అంటూ కత్సుయో బొమ్మను బల్ల మీద పెట్టేసింది.

“మోకాళ్ళు నువ్వు చూస్తావు. వాడు ముఖం చూస్తాడు,” అన్నాడు ఆమె భర్త ఎయిజో. “ఆ కళ్ళు చూడు. మన ఊరంతా వెతికినా ఇలాంటి పిల్ల దొరుకుతుందా?”

ఆపిల్ కాయలకు కాగితం సంచులు కట్టే పని మధ్యలో వదిలేసి, ఆ భార్యాభర్తలు పొద్దున్నే బస్సెక్కి హిరొసాకి పట్నంలోని ఈ బొమ్మల దుకాణానికి వచ్చారు. కొడుకు కజుమా కోసం ఒక కీళ్ళ బొమ్మను కొనాలి. వచ్చినప్పటి నుంచీ రెండు బొమ్మల మధ్య తేల్చుకోలేకపోతున్నారు.

మొదటిదానికి గాజు కళ్ళు, చేత్తో గీసిన కనుబొమలు, అతుకు కనీకనబడని నున్నటి కాళ్ళు. కాకపోతే నిటారుగా నిలబడడం తప్ప దానికి ఇంకేమీ రాదు. రెండోదాని ముఖం మామూలు. మోకాళ్ళ దగ్గరా మోచేతుల దగ్గరా రెండేసి కీళ్ళు, వాటి అతుకులు పైకే కనిపిస్తున్నాయి. కానీ ఎలా వంచితే అలా వంగుతుంది.

కత్సుయో రెండోదాన్ని తీసుకుని నడుం వంచింది. దండం పెట్టించింది. మోకాళ్ళు మడిచి మడమల మీద కూర్చోబెట్టి, టీ కప్పు అందిస్తున్నట్టు చేతులు ముందుకు చాపింది.

“పెళ్ళిచూపుల్లో మా అమ్మ కూడా నిన్నిలాగే వంచి చూసింది,” అన్నాడు ఎయిజో. “చివరికేమైంది? పెళ్ళయిన మర్నాటి నుంచీ నీ నడుం వంగితే ఒట్టు.”

“వంగీ వంగీ అలా బిగుసుకుపోయింది. మీ ఇంటి చాకిరీ మరి.”

దుకాణం యజమానురాలు తమాయో నవ్వు ఆపుకుంటూ అందమైన బొమ్మను చేతిలోకి తీసుకుంది. “కూర్చోదని కాదండీ. కాస్త ఓపిగ్గా కూర్చోబెట్టాలి. లోపల సాగే తాడు బిగుతుగా ఉంటుంది,” అంటూ మోకాళ్ళు మడిచింది. చెయ్యి తియ్యగానే బొమ్మ కాలు టక్కున చాచుకుని ఎయిజో మోచేతికి తగిలింది.

“మొదటి రోజే మామగారిని తన్నింది. దివ్యమైన సంబంధం,” అంది కత్సుయో.

“పర్వాలేదు, చురుకైన పిల్ల.”

తమాయోకి ఇలాంటి తల్లిదండ్రులు కొత్త. ఎదిగిన కొడుకు బొమ్మలు కొంటున్నాడని దుకాణానికే వచ్చి ఏడ్చిపోయిన తల్లులు ఆమెకు తెలుసు. దగ్గరుండి ఎంచేవాళ్ళను ఇప్పుడే చూస్తోంది.

“అబ్బాయి వయసెంతండీ?”

“ఈ ఏడుతో ముప్పై నిండుతాయి,” అంది కత్సుయో.

“దీంతో ఫొటోలు తీసుకుంటాడా? ఫొటోలకైతే భంగిమలు రావాలి. అద్దాల పెట్టెలో పెట్టుకుని చూసుకోవడానికైతే ముఖం చాలు.”

“అద్దాల పెట్టెలోనే ఉంటుంది,” అన్నాడు ఎయిజో, గెలిచినవాడిలా. “విన్నావా?”

“పెట్టెలో ఉన్నా కోడలు కోడలే. మనం చూడ్డానికి వెళితే కాస్త తలైనా వంచాలి కదా.”

తమాయోకి ఆ మాట వింతగా అనిపించలేదు. అక్కడికి వచ్చేవాళ్ళంతా బొమ్మల్ని మా అమ్మాయి, మా చిన్నది అనే అంటారు. కోడలన్నవాళ్ళు మాత్రం వీళ్ళే.

ఎయిజో కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. “మన తోటలో మనం చేస్తున్నదేమిటి? రంగు రావాలని ఒక్కో కాయకీ సంచి కడుతున్నాం. సంచి కట్టని కాయే తియ్యగా ఉంటుందని మనకు తెలుసు. కొనేవాడు ఏది కొంటున్నాడు?”

“కొని, కొరికి, మనల్ని తిట్టుకుంటున్నాడు.”

“తిట్టుకుని, మళ్ళీ ఏడూ ఎర్రగా ఉన్నదే కొంటున్నాడు.”

“మనవాడు మళ్ళీ ఏడు ఇంకోదాన్ని తెచ్చుకోలేడు కదండీ,” అంది కత్సుయో. “ఇదొక్కటే. ఎన్నాళ్ళయినా దీంతోనే ఉండాలి.”



“అంత భయమెందుకండీ? నచ్చకపోతే వారంలోపు తెచ్చేయండి, మార్చి ఇస్తాం,” అంది తమాయో.

“మార్చడం కుదరదమ్మా,” అన్నాడు ఎయిజో.

“అయితే అబ్బాయికే ఫోన్ చేసి అడగండి. ముప్పై ఏళ్ళవాడికి ఏం కావాలో మనకెలా తెలుస్తుంది?”



“వాడిది నా పోలిక,” అన్నాడు ఎయిజో బొమ్మల వైపే చూస్తూ. “అందంగా ఉంటే చాలు వాడికి.”

“మీ పోలికో నా పోలికో మనం ఎక్కడ చూశాం?” అంది కత్సుయో.

మొగుడూ పెళ్ళాల గొడవ ముదురుతోందనుకుని తమాయో సర్దబోయింది. “పోనీ, అబ్బాయి ఫొటో ఉంటే తీయండి. ఇద్దర్నీ పక్కపక్కన నిలబెట్టి చూద్దాం. జంట కుదిరిందో లేదో తెలిసిపోతుంది.”

కత్సుయో సంచిలోంచి గుడ్డ చుట్టిన పటం తీసి, గుడ్డ విప్పి బల్ల మీద నిలబెట్టింది. పసుపు టోపీ పెట్టుకుని, మంచులో గొంతుక్కూర్చుని నవ్వుతున్న నాలుగేళ్ళ పిల్లాడు.

తమాయో ఆ చుట్టుపక్కల పుట్టి పెరిగిందే. పెళ్ళి కాకుండా చనిపోయిన పిల్లలకు, బతికుంటే పెళ్ళీడు వచ్చేనాటికి, ఒక పెళ్ళికూతురి బొమ్మను కొని గుడిలో వాళ్ళ ఫొటో పక్కన ఉంచే తల్లిదండ్రులు ఆమె వీధిలోనూ ఉన్నారు.

ఎయిజో అందమైన బొమ్మను తనే తీసి దూరంగా పెట్టాడు. రెండోదాన్ని పటం పక్కన మోకాళ్ళ మీద కూర్చోబెట్టి, వెనక్కి జరిగి చూశాడు.

“మెడ ఇంకాస్త కిందికి వంచండమ్మా,” అన్నాడు తమాయోతో. “వాడు చిన్నవాడు.”