బావ ఎక్కించిన దారం

ఏప్రిల్ పదకొండు. ఆ సాయంత్రం తమ్ముడు మూడు రొట్టెలూ, ఒక ఉడికించిన గుడ్డూ తిన్నాడు. ఆ తారీకు అక్కకి ఇప్పటికీ గుర్తు. వాళ్ళిద్దరి మధ్యా గొడవ మొదలైంది ఆ రోజే.

తమ్ముడు కాలేజీలో తర్కశాస్త్రం చెప్పి రిటైరైన మనిషి. ఊళ్ళో అందరూ ‘ఋజువు మాస్టారు’ అంటారు. “ఇవాళ ఎండ ఎక్కువగా ఉందండీ” అంటే, “దేనితో పోల్చి?” అని అడిగే రకం. పలకరించిన పాపానికి గంటసేపు నిలబడలేక జనం పక్క వీధిలోంచి తిరిగి వెళ్ళడం అలవాటు చేసుకున్నారు.

అక్కది బట్టలు కుట్టే కొట్టు. ముందు గదిలో కుట్టు మిషను, వెనక గదుల్లో కాపురం. మిషను బల్ల మీద సూదులు గుచ్చే ఎర్ర మెత్త ఒకటి ఉంటుంది. బతికున్నన్నాళ్ళూ ఆమె భర్త, పడుకోబోయే ముందు మర్నాటికి కావలసిన చేతిసూదులన్నిటికీ దారం ఎక్కించి ఆ మెత్తకి గుచ్చి పెట్టేవాడు. అక్కకి చూపు ఆనదని ఆయన నమ్మకం.

ఆ రోజు భోజనాల దగ్గర అక్క ఉన్నట్టుండి అంది.

“మీ బావ ఇంకా ఎక్కిస్తూనే ఉన్నార్రా. పొద్దున లేచి చూస్తే ప్రతి సూదికీ దారం.”

కంచం దూరంగా జరపబోతున్న తమ్ముడి చెయ్యి ఆగిపోయింది.

“పోయి రెండేళ్ళయిన బావా?”

“ఆయనే.”

“నువ్వు చూశావా?”

“చూడ్డమెందుకు? నమ్ముతున్నాను.”

“నమ్మకానికి ఆధారం ఉండాలి.”

“లేకపోతే?”

“లేకపోతే దాన్ని నమ్మకం అనరక్కా, అజీర్తి అంటారు!”

కంచం మళ్ళీ దగ్గరికి లాక్కుని, రొట్టె తుంచుకుంటూ, పాఠం మొదలుపెట్టాడు.

అప్పట్నుంచీ పొద్దుగూకేసరికి హాజరు. రోజుకో కొత్త సిద్ధాంతం.

మొదటి అనుమానం మేనకోడలి మీద. ఆమె ఆసుపత్రిలో నర్సు. ఆమె రాత్రి డ్యూటీకి వెళ్ళిన రోజుల్లోనూ దారాలు ఎక్కాయి. ఆ సిద్ధాంతం చచ్చింది. తర్వాత అక్క మీదే పడ్డాడు. “నువ్వే ఎక్కించి మర్చిపోతున్నావు” అంటూ సూదీ దారం చేతికిచ్చాడు. అక్క దీపం కింద కళ్ళు చికిలించి ప్రయత్నించింది. ఎన్నిసార్లు పెట్టినా దారం బెజ్జం పక్కనుంచే పోయింది. చివరికి వేలికి గుచ్చుకుంది.

“సరే, నువ్వు కాదు. ఇది ఋజువైంది” అన్నాడు మాస్టారు, లోకానికి మేలు చేసినంత గంభీరంగా. ఆ ఊపులో గుడ్డు రెండు ముక్కలు చేసి మింగాడు.

నిన్న ఆ మెత్త మీద గాజు జాడీ ఒకటి బోర్లించి, అంచు చుట్టూ కాగితం అంటించి, దాని మీద సంతకం చేసి మరీ వెళ్ళాడు. ఇవాళ వచ్చి చూస్తే సంతకం చెక్కుచెదరలేదు. సూదులు బోడిగా ఉన్నాయి.

“ఏమైందక్కా? మా బావకి నా సంతకం చూసి భయమేసిందా?”

“నొచ్చుకున్నార్రా. అనుమానించిన చోటికి ఆయన రారు. నీ పెళ్ళిలో ఎవరో చెంచాలు లెక్కపెట్టారని భోజనం చెయ్యకుండా వచ్చేశారు, గుర్తులేదూ?”

తమ్ముడు బల్ల గుద్దాడు.

“వస్తే వచ్చినట్టు, రాకపోతే అలిగినట్టు! నా చెవిలో పూలు కనిపిస్తున్నాయా నీకు? పొగ ఉంటే నిప్పుందంటారు. పొగ లేకపోయినా నిప్పుంది, సిగ్గుపడి దాక్కుంది అంటున్నావు నువ్వు!”

“ఇంకో రొట్టె వెయ్యనా?”

“వెయ్యి! పట్టిన కుందేటికి మూడే కాళ్ళంటావు, పైగా రొట్టె ఒకటి!”

మేనకోడలికి ఒళ్ళు మండింది.

“నమ్మకం బస్సు టికెట్టా మావయ్యా, అడిగినవాడికల్లా తీసి చూపించడానికి?”

“టికెట్టు లేనివాళ్ళని దారిలోనే దింపేస్తారమ్మా.”

“అమ్మ నిన్నేమైనా నమ్మమందా? దానివల్ల ఎవరికి నష్టం?”

“ఆధారం లేని నమ్మకం దోమలాంటిది. ఒక ఇంట్లో పుట్టి ఊరంతా కుడుతుంది.”

చెయ్యి కడుక్కుని, జాడీ చంకలో పెట్టుకుని, గుమ్మంలో నిలబడి తీర్పు చెప్పాడు.

“ఈ రాత్రి జాడీ లేదు, సంతకం లేదు. బావగారు నిశ్చింతగా రావచ్చు. రేపు సూదులకి దారం లేదో, నేను గెలిచినట్టు. ఇక ఈ గడప తొక్కే పని నాకు లేదు.”

ఆయన వీధి మలుపు తిరిగేదాకా అక్క గుమ్మంలోనే నిలబడింది. కూతురు యూనిఫాం గుండీలు పెట్టుకుంటూ విసుక్కుంది.

“గెలవనీ. పీడ విరగడవుతుంది. అత్త పోయిన కొత్తలో మావయ్య నువ్వు పంపిన క్యారేజీలు మూతైనా తియ్యకుండా తిప్పి పంపేవాడు. బతిమాలి తీసుకొస్తే కంచం ముందు గోడకేసి చూస్తూ కూర్చునేవాడు. ఇప్పుడేమో నీ రొట్టెలు తింటూ నాన్ననే వెక్కిరిస్తున్నాడు. పడటానికి నీకు సిగ్గులేదా అమ్మా?”

“పోనీలేవే. వాడి నోరే అంత.”

“పిచ్చిదానివి” అని కూతురు డ్యూటీకి వెళ్ళిపోయింది.

అక్క కంచాలు కడిగింది. రేపటి రొట్టెలకి పిండి కొలిచి, ఇంకో గుప్పెడు కలిపింది.

తర్వాత ముందు గదిలోకి వెళ్ళి, కళ్ళద్దాలు తీసి మిషను మీద పెట్టి, లైటు కూడా వెయ్యకుండా, కిటికీలోంచి పడుతున్న వీధి దీపం వెలుతురులోనే ఒక్కో సూదికీ ఒక్క విసురులో దారం ఎక్కించి మెత్తకి గుచ్చి, చప్పుడు కాకుండా తలుపు మూసింది.