సలోమమ్మ మోర్చా

"నా వాకిట్ల పార పెడితే నీ నెత్తిన రోకలి పెడ్త!"

మెట్టుగూడలో రైలుపట్టాల పక్కన, తన ఇంటి ముందు రోకలి పట్టుకుని నిలబడింది సలోమమ్మ. ఎదురుగా పార పట్టుకుని నిలబడ్డాడు నిజాం దండులో సిపాయి హనీఫ్. దండులో చేరి నాలుగేళ్లయినా అతను తుపాకి పట్టింది తక్కువ, పార పట్టింది ఎక్కువ. పేరుకు దండే గానీ అంతా దండుగ పనే.

"అమ్మా, జెర విను. హిందుస్తాన్ ఫౌజు ఎప్పుడొచ్చి మీద పడ్తదో ఎవలకూ తెల్వదు. పట్టాలకెదురుగ ఈడనే మోర్చా తవ్వాలని సుబేదార్ సాబ్ హుకుం. పొద్దుగూకేలోపు తవ్వకుంటే నన్ను నల్దుర్గ్ సరిహద్దుకు తోలుతడు. ఫస్టు గుండు ఆడనే పడ్తదంట!"

"మోర్చా అంటే ఏందీ?"

"పొడుగు గుంత. అండ్ల దాక్కొని తుపాకి పేల్చుడు."

మోర్చా మాట వింటేనే మూర్ఛపోయినవాళ్లను ఆ వారంలో హనీఫ్ చాలామందిని చూశాడు. సలోమమ్మ మాత్రం రోకలిని గోడకు ఆనించింది.

"ఎంత పొడుగు?"

"పన్నెండడుగులు."

సలోమమ్మ కళ్లు మూసుకుని పెదాలతో ఏదో లెక్క కట్టుకుంది. "సరే తవ్వు. గానీ నేను చెప్పినట్టే తవ్వాలె. గాలి ఎటు కొడ్తుందో చూసుకో. పొగ ఇంట్లకు రావద్దు."

బారూదు పొగ సంగతి ఈమెకెలా తెలుసని హనీఫ్ నోరు తెరిచాడు.

"అంచులు గట్టిగుండాలె. మీద బరువు పడ్తది."

మిషన్ గన్ సంగతి సుత తెలుసు! తెరిచిన నోరు మూతపడలేదు.

"మోకాలి లోతు చాలు."

"తల దాగాలె గద అమ్మా!"

"పండుకో. దాగుతది."

సగం పని తగ్గేసరికి ఆమె యుద్ధవిద్య మీద హనీఫ్‌కు గౌరవం రెండింతలైంది. చెమటలు కక్కుతూ తవ్వాడు. సలోమమ్మ మూర పెట్టి వెడల్పు కొలిచింది, కాలితో తన్ని అంచులు చూసింది.

"మంచిగుంది బిడ్డా. ఒక్క పిడికెడు మన్ను సుత రాలకుండ చూడు. సోమవారం తెల్లారగట్ల నాలుగింటికి పని షురూ."

హనీఫ్ చేతిలోంచి పార జారి కాలి మీద పడింది. అయినా నొప్పి తెలియలేదు. సర్కారుకు తెలియని ముహూర్తం, సుబేదారుకు తెలియని ముహూర్తం, సలోమమ్మకు గంటతో సహా తెలుసు!

సాయంత్రం సుబేదార్ షంషీర్ తనిఖీకి వచ్చాడు. షంషీరంటే కత్తి. ఈ కత్తి ఒరలోంచి బయటికొచ్చేది మాత్రం భోజనాల వేళకే. హనీఫ్ చెవిలో ఊదింది విని ఆయన మీసం వణికింది.

"సోమవారమా? నాలుగింటికా? అరే, ఈమె పక్కా జాసూస్! సోమవారం దాంక గప్‌చుప్‌గుండు. రెడ్ హ్యాండెడ్‌గ పట్టుకుందం. నీ మాట నిజమైతే నీకు నాయక్ పట్టీ. కాకుంటే నల్దుర్గ్ లారీ!"

సోమవారం తెల్లవారుజామున ఆరుగురు సిపాయిలు పట్టాల వెంబడి బోర్లా పాకుతూ వచ్చారు. సరిగ్గా నాలుగింటికి మోర్చాలోంచి భగ్గున మంట లేచింది.

"హ్యాండ్సప్!" అని దూకాడు సుబేదారు.

గుండ్లుంటాయని గుండె పట్టుకుని దూకితే అక్కడున్నవి గుండిగలు. మోర్చా పొడుగునా నాలుగు. కింద కట్టెలు, పైన ఎసరు. పెళ్లిళ్లలో నేల తవ్వి వేసే గాడిపొయ్యి! ఎత్తిన తెడ్డు దించకుండానే సలోమమ్మ చూసింది.

"వచ్చిండ్రా? తొందరేముంది, బగారన్నం ఇంకా ఉడకలే. ఇయ్యాల మా బిడ్డ జ్ఞానమణి పెండ్లి."

"ల... లడాయి టైంల పెండ్లేందమ్మా?"

"చర్చిల మూడాదివారాలు పెండ్లి ప్రకటన చదివిండ్రయ్యా. మీ లడాయిది ఒక్కాదివారమన్న చదివిండ్రా? భయానికి మెట్టుగూడల తవ్వేటోడు ఒక్కడు దొరకలే. ఏసయ్యకు మొక్కితే ఈ పిలగాడొచ్చిండు. పొట్టేలును నాగూర్ బాషాతోనే హలాల్ చేయించిన, నిమ్మళంగ తినిపోండ్రి."

సిపాయిలు నవ్వు ఆపుకోలేక మళ్లీ బోర్లా పడ్డారు. సుబేదారు హనీఫ్ చెవి మెలిపెట్టాడు.

"సోమవారం నాలుగింటికి ఫౌజొస్తదంటివి గద! గిదేనా ఫౌజు? మొత్తం భోజు! తినుడు కాంగనే నల్దుర్గ్ లారీ ఎక్కు, చల్!"

పొద్దెక్కింది. హనీఫ్ దాల్చా సగంలోనే వదిలేశాడు. చెయ్యి కడుక్కుని లారీ మీద ఒక కాలు పెట్టాడు. అప్పుడే సైకిల్ మీద ఒక జవాను రొప్పుతూ వచ్చాడు.

"సాబ్! ఫౌజొచ్చేసింది! నల్దుర్గ్ కాడ లడాయి షురూ!"

"ఎప్పుడు?"

"తెల్లారగట్ల నాలుగింటికి!"

సుబేదారు చేతిలోని పొట్టేలు బొక్క విస్తట్లో పడింది. ఆయన లేచి, టోపీ సర్దుకుని, మెల్లగా గుండిగల దగ్గరికి నడిచాడు.

"అమ్మా... జెర చెప్పు. ఇదంత ఎప్పటికి ఒడుస్తది?"

"ఇంకెంత? శుక్రవారం సాయంత్రం చుట్టాలు బండెక్కుతరు. ఐదింటికి గుంత పూడ్చేస్తం, అంతే."

"హనీఫ్! లారీ దిగు. శుక్రవారం దాంక ఈడనే ఉండు. అమ్మను ఇడిచి కదిలినవో, చూడు!"

పోలీస్ యాక్షన్ అన్నారు గానీ ఆ అయిదు రోజులూ మెట్టుగూడలో పోలీసూ లేడు, యాక్షనూ లేదు. హనీఫ్ గుండిగలు తోమాడు, చుట్టాలకు నీళ్లు తోడాడు. శుక్రవారం సాయంత్రం చుట్టాలను బండెక్కించి వచ్చి గుంతలో మొదటి పార మన్ను వేశాడో లేదో, పక్కింటి రేడియో గొంతు సవరించుకుంది. సర్కారు లొంగిపోయింది, లడాయి బంద్. గోడ గడియారం ఐదు కొట్టింది.

గేటు దగ్గర బూట్ల చప్పుడైంది. సుబేదార్ షంషీర్! వచ్చీరాగానే సలోమమ్మకు ఖడక్‌గా సెల్యూట్ కొట్టి, గొంతు తగ్గించి అడిగాడు.

"అమ్మా, నీకింకా పెండ్లికెదిగిన బిడ్డలెవరన్న ఉన్నరా?"