పట్టి వదిలేసే చేప

"ఇవాళ కూడా పట్టి వదిలెయ్యడానికేనా?" గుమ్మం ముందు మంచుబండి ఆపిన డారిల్‌ని ఐపిలి వెటకారంగా అడిగాడు.

ఉత్తర కొసనున్న ఆ ఊరి ఆసుపత్రికి నర్సుగా వచ్చినవాడు డారిల్. సెలవొస్తే చాలు, గడ్డకట్టిన సరస్సుకు కన్నం వేసి చేపను పట్టి, ఫోటో తీసుకుని, మళ్ళీ నీళ్ళలో వదిలేస్తాడు.

"పాపం, బతకనీ అని," అన్నాడు డారిల్.

"తిండితో ఆడుకోవడమంటాం ఈ ఊరివాళ్ళం దాన్ని. నీకోసం వచ్చిన చేపను పొమ్మంటే రేపు ఇంకెవరికీ రాదు. అంత ఖరీదు కోటు కొన్నావు, కాస్త బుద్ధి కూడా అమ్ముతారేమో అడగలేకపోయావా?"

అంతలో ఐపిలి తల్లి సియాసి తోలుబూట్లు తొడుక్కుని బయటికొచ్చి, డారిల్ బండి వెనక కట్టిన, మంచు మీద జారే చెక్కబల్ల మీద కూర్చుంది.

"వీడితో సరస్సుకా? వీడికేం తెలుసమ్మా?"

"ఏమీ తెలీదు. పట్టింది వదలకుండా నా చేతిలో పెట్టమంటే పెడతాడు. నీకన్నీ తెలుసురా. కానీ నీ సెలవులన్నీ సోఫాలోనే. రెండు చలికాలాలుగా కొట్లో కోడి తినీ తినీ నా నోరు చచ్చిపోయింది."

బండి సాగిపోయింది. వెనకనుంచి విసరడానికి మాట ఒకటి వెతుక్కున్నాడు ఐపిలి. గోడ పక్కన అతని మంచుబండి హ్యాండిలు దాకా మంచులో కూరుకుపోయి ఉంది. దాని తాళంచెవి ఎక్కడ పెట్టాడో ఎంతకీ గుర్తు రాలేదు.