బొటనవేలు కట్టేసుకు రండి

"ఆ బొటనవేలితో మీకేం పనండీ? తిప్పాల్సింది స్టీరింగ్‌ని" అన్నారు డ్రైవింగ్ మాస్టారు, తన కాలి కిందున్న రెండో బ్రేకు నొక్కుతూ. కారు స్తంభానికి జానెడు దూరంలో ఆగింది.

నేర్చుకుంటున్నావిడ సారీ చెప్పింది. ఆ మైదానంలో ఆవిడ గుద్దని స్తంభం లేదు. అందుకే మాస్టారు ఇంట్లో ఆవిడకి స్తంభాలమ్మ అని పేరు పెట్టేశారు. ఎవరేం ఉద్యోగం చేస్తున్నారో అడగడం ఆయన పద్ధతి కాదు. కారెక్కాక అందరూ ఒకటో తరగతి పిల్లలేనని ఆయన సిద్ధాంతం.

మలుపు వస్తే చాలు, స్తంభాలమ్మ ఎడమ బొటనవేలు స్టీరింగ్ అంచు మీద లేని మీట కోసం తడుముకుంటుంది. కుడిచెయ్యి దేన్నో ముందుకు తోస్తున్నట్టు కదులుతుంది. బండి దాని దారిన అది పోతుంది. చెప్పేవాడికి వినేవాడు లోకువ కదా, మాస్టారు మొహమాటం లేకుండా చివాట్లు పెట్టేవారు.

"ఎల్లుండి నుంచి వారం రోజులు క్లాసులుండవు" అన్నారాయన దిగేముందు. ఆయన పెద్దపేగులో ఉసిరికాయంత బుడిపె ఉందట. వదిలేస్తే క్యాన్సరుగా మారొచ్చట. గొట్టం పంపించి తీస్తారట, కుదరకపోతే పొట్ట కొయ్యాల్సిందేనట.

"భయపడకండి మాస్టారూ, అది..." అంటూ ఆవిడ ఏదో చెప్పబోయింది.

"నా సంగతి దేవుడు చూసుకుంటాడు, మీరు ముందు చూడండి. ఈసారి ఆ వేలు నాకు కనబడకూడదు. కట్టేసుకు రండి."

ఆస్పత్రికి వెళ్లే ముందురోజు మందునీళ్లు తాగి మాస్టారు బాత్రూముకీ మంచానికీ మధ్య తిరుగుతూనే ఉన్నారు. మధ్యలో ట్రాఫిక్ లైటు పెట్టించనా అని భార్య నవ్వింది. ఆయనకి నవ్వు రాలేదు. బతుకంతా పక్కవాళ్ల చేతుల్లో ప్రాణం పెట్టి కూర్చున్న మనిషే. కానీ అప్పుడు కాలి కింద రెండో బ్రేకు ఉండేది.

ఆస్పత్రిలో చిన్న డాక్టరు అంతా విడమరిచి చెప్పాడు. బుడిపె సరిగ్గా మలుపు దాటగానే ఉంది. అక్కడ పేగు గోడ పల్చన. తొందరపడి తోస్తే చిరుగుతుంది. అయినా మా పెద్ద డాక్టరుగారు చెయ్యి తిరిగిన మనిషి, దిగులు వద్దన్నాడు. మలుపు అన్న మాట వినగానే మాస్టారికి స్తంభాలమ్మ గుర్తొచ్చింది.

లోపల పెద్ద డాక్టరుగారు టోపీ, మాస్కుతో సిద్ధంగా ఉన్నారు. మాస్టారిని ఎడమవైపు తిప్పి పడుకోబెట్టారు. సూది పడింది. సగం మత్తులో ఎదురుగా తెర మీద గులాబీరంగు సొరంగం కనబడింది.

మలుపు వచ్చింది. మాస్టారి కుడికాలు దానంతటదే బ్రేకు కోసం వెతికింది. గొట్టం మాత్రం తొందరపడలేదు. ఒక్కక్షణం ఆగి, కాస్త వెనక్కి తగ్గి, తల వంచి, మెత్తగా అవతలికి జారిపోయింది. బుడిపె కింద మందు ఎక్కించారు. అది పూరేకులా పైకి లేచింది. దాని చుట్టూ తీగ ఉచ్చు పడింది. ఆ తర్వాత మాస్టారికి హాయిగా నిద్ర పట్టేసింది.

కళ్లు తెరిచేసరికి పక్కన భార్య ఉంది. బుడిపె మొత్తం ఒకే ముక్కగా వచ్చిందని, పొట్ట మీద గాటు పడలేదని, లోపలి పుండుకి క్లిప్పులు పెట్టారని గుక్క తిప్పుకోకుండా చెప్పింది. ముక్కని పరీక్షకి పంపారు, చూడ్డానికైతే భయపడాల్సింది లేదన్నారట. ఆరునెలల తర్వాత ఒకసారి లోపల చూపించుకుంటే సరిపోతుందట. చెబుతూ చెబుతూ కళ్లు తుడుచుకుంది.

మాస్టారు ప్రాణం లేచొచ్చినట్టు లేచి కూర్చోబోయారు.

"అదీ మలుపు తిప్పడమంటే! బ్రేకుతో పనే పడలేదు. ఆ డాక్టరుగారిని ఒక్కసారి మైదానానికి తీసుకెళ్లి మా స్తంభాలమ్మకి చూపించాలి."

అప్పుడే తలుపు తెరుచుకుని డాక్టరుగారు లోపలికి వచ్చారు. మాస్టారు రెండు చేతులూ జోడించారు.

మాస్కు కిందికి లాగి, గొట్టాన్ని మలుపు తిప్పిన ఎడమచేతి బొటనవేలు ఎత్తి చూపిస్తూ, "వచ్చేవారం క్లాసుకి దీన్ని కట్టేసుకునే వస్తాను మాస్టారూ" అంది స్తంభాలమ్మ.